ఫోనులో పేలే తుపాకి బరువెంత?

సెలవు రోజు సాయంత్రం మదనపల్లెలో కానివ్వండి, పుంగనూరులో కానివ్వండి, కుప్పంలో కానివ్వండి, ఏ వీధి అరుగు మీద చూసినా నలుగురైదుగురు పిల్లలు ఒకే ఫోను చుట్టూ మూగి కనిపిస్తారు. "ఏకేఎం తీసుకోరా!" అని ఒకరు, "కార్ 98 ఉంది కదా, దూరం నుంచే కొట్టు!" అని ఇంకొకరు కేకలు వేస్తుంటారు. ఏ తుపాకిలో ఎన్ని తూటాలు పడతాయో, ఏది ఎంత దూరం కొడుతుందో గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు.

ఆ పేర్లు ఉత్త కల్పనలు కావు. కార్ 98కె అనేది 1935లో జర్మనీ సైన్యం చేపట్టిన రైఫిలు. ఏకేఎం 1959లో సోవియట్ సైన్యంలోకి వచ్చింది. మిఖాయిల్ కలాష్నికోవ్ రూపొందించిన ఏకే-47కు అది మెరుగుపరచిన రూపం. ఎం416 అన్న పేరు మాత్రం ఆట కోసం పెట్టుకున్నదే. దానికి నమూనా హెచ్‌కే416 అనే జర్మన్ రైఫిలు.

పేర్లు నిజమే, రూపం కూడా నిజమే. మరి పని? ఆటలోని తుపాకి అసలు తుపాకిలాగే పనిచేస్తుందా? ఎక్కడ నిజం చెబుతోంది, ఎక్కడ మనల్ని మభ్యపెడుతోంది? ఈ సంగతి తేల్చుకోవడానికి తుపాకి అక్కరలేదు. మీరు బడిలో చదివే భౌతికశాస్త్రమూ, ఒక కాగితమూ, పెన్సిలూ చాలు. ప్రయోగశాల అంటారా? మదనపల్లె టమోటా మార్కెట్టు, పుంగనూరు ఆవు, కుప్పం రాతి క్వారీ ఉండనే ఉన్నాయి!

తూటాలో ఏముంది?

ముందు అసలు తుపాకి సంగతి చూద్దాం. తూటా అంటే ఒకే వస్తువు కాదు, అందులో నాలుగు భాగాలుంటాయి. ఒక ఇత్తడి లేదా ఉక్కు గొట్టం, దాని అడుగున చిన్న టోపీ, లోపల మందు, కొసన గుండు. ఎగిరిపోయేది గుండు ఒక్కటే. మీట నొక్కగానే తుపాకిలోని ఒక సూది ఆ టోపీని పొడుస్తుంది. దీపావళికి మీరు పేల్చే తుపాకి బిళ్ళలాగా టోపీ చిటపటమంటుంది. ఆ నిప్పుకు లోపలి మందు మండి, రెప్పపాటులో వేడి వాయువుగా మారుతుంది. పోవడానికి దారిలేని ఆ వాయువు గుండును ముందుకు నెడుతుంది.

ఎంత ఒత్తిడితో నెడుతుంది? మీ వంటింటి ప్రెషర్ కుక్కరు విజిల్ వేసేటప్పుడు లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి సుమారు రెండింతలు ఉంటుంది. ఏకేఎం లోపల అది మూడు వేల రెట్లకు మించుతుంది! అంతటి ఒత్తిడికి పగలకుండా ఉండాలంటే ప్రత్యేకమైన ఉక్కు కావాలి, కొలత ప్రకారం తొలిచిన గొట్టం కావాలి. ఈ సంగతి గుర్తుంచుకోండి. చివర్లో దీనితో మనకు పని ఉంది.

గుండు లేని తుపాకి

ఇక ఆటలోకి వద్దాం. 1984లో జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ బాతుల వేట ఆట ఒకటి తెచ్చింది. దాని నకళ్ళు 1990లలో మన దేశంలోనూ టీవీ గేముల పెట్టెలతో పాటు అమ్ముడయ్యాయి. మీ అమ్మానాన్నలను అడగండి, గుర్తుండే ఉంటుంది. టీవీ తెర మీద బాతు ఎగురుతుంది. ప్లాస్టిక్ తుపాకి గురిపెట్టి మీట నొక్కితే బాతు పడిపోతుంది. ఆ తుపాకిలో నుంచి ఏం బయటికి వచ్చింది?

ఏమీ రాలేదు! పైగా వెలుతురే దాని గొట్టంలోకి వెళ్ళింది. మీట నొక్కిన మరుక్షణం తెర అంతా నల్లబడుతుంది. బాతు ఉన్న చోట మాత్రం ఒక తెల్లని చదరం మెరుస్తుంది. ఇది ఎంత వేగంగా జరిగిపోతుందంటే మన కంటికి సరిగా ఆనదు. తుపాకి గొట్టం లోపల వెలుతురును పసిగట్టే చిన్న సాధనం ఉంటుంది. దానికి తెలుపు కనిపించిందా, గురి తగిలినట్టు. నలుపే కనిపించిందా, తప్పినట్టు. అంటే అది తుపాకి కాదు, తుపాకి వేషం వేసిన కన్ను!

ఆ తరువాత వచ్చిన కంప్యూటరు ఆటల్లోనూ గుండు లేదు. 1993లో వచ్చిన డూమ్ అనే ఆటలో పిస్తోలు పేల్చగానే కంప్యూటరు ఒక గీత గీస్తుంది. స్కేలు పెట్టి గీసినంత తిన్నని గీత అది. దారిలో ముందుగా ఏది తగిలితే దానికి దెబ్బ తగిలినట్టు లెక్క. గీతకు ప్రయాణ కాలం ఉండదు. పది అడుగుల దూరమైనా, అర కిలోమీటరైనా ఒకే క్షణం. ఇప్పటి ఆటల్లోనూ చాలా తుపాకులు ఇలా గీతలే గీస్తున్నాయి.

సెకండుకు అరవై బొమ్మలు

కాని మీలో చాలామంది ఆడే పబ్జీ వంటి ఆటల్లో గుండు నిజంగానే ప్రయాణం చేస్తుంది. ఆ ఆటలో ఏకేఎం గుండు వేగం సెకండుకు 715 మీటర్లు. అసలు ఏకేఎం గుండు వేగం కూడా అంతే! ఇక్కడ ఆట చేసినవారు అబద్ధం చెప్పలేదు.

సెకండుకు 715 మీటర్లంటే ఎంత? మదనపల్లె నుంచి పుంగనూరుకు రోడ్డు దాదాపు 30 కిలోమీటర్లు. ఆ వేగం చెక్కుచెదరకుండా నిలిస్తే 42 సెకండ్లలో పుంగనూరు చేరవచ్చు. మన బస్సు ఊరి పొలిమేర కూడా దాటదు.

ఇంత వేగం ఫోనుకు పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది. ఫోను తెర మీది కదలిక నిజమైన కదలిక కాదు. సినిమాలో లాగానే అది వరుసగా వచ్చే బొమ్మలు, సాధారణంగా సెకండుకు అరవై. ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య గుండు ఎంత దూరం పోతుంది? 715ను 60తో భాగించండి. దాదాపు 12 మీటర్లు! అంటే ఆటలోని గుండు పాకదు, కప్పలా పన్నెండేసి మీటర్ల గంతులు వేస్తుంది.

మరి ఆ గంతు మధ్యలో ఒక గోడ ఉంటే? గోడ మందం ఒక జానెడు. మొదటి బొమ్మలో గుండు గోడకు ఇవతల ఉంది, రెండో బొమ్మలో గోడకు అవతల ఉంది. గోడను తాకిన క్షణం ఏ బొమ్మలోనూ లేదు. కంప్యూటరు దృష్టిలో గోడే లేనట్టు! అందుకని ప్రోగ్రాము రాసేవారు ఒక ఉపాయం చేస్తారు. గుండు నిన్నటి చోటునూ, నేటి చోటునూ కలుపుతూ గీత గీయించి, ఆ గీత గోడను ఖండించిందా అని లెక్క వేయిస్తారు. జ్యామితిలో మీరు చేసే ఖండన బిందువుల లెక్కే అది. ఫోను దాన్ని ఆట సాగినంతసేపూ చేస్తూనే ఉంటుంది.

ఇంకో చిక్కు దూరం. మీరు కుప్పంలో ఉన్నారు, లెక్కలు చూసే సర్వరు సింగపూరులో ఉందనుకోండి. మధ్య దాదాపు మూడు వేల కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకండుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అయినా కబురు వెళ్ళి తిరిగి రావడానికి సెకండులో వందోవంతులు మూడు పడుతుంది. దారిలో ఆగే మజిలీలు కలిపితే ఐదు అనుకోండి. అంతలో గుండు 36 మీటర్లు పోతుంది. పరుగెత్తే ఎదుటి ఆటగాడు అడుగు దూరం జరిగిపోతాడు. "నేను సరిగ్గా కొట్టాను, తగల్లేదు!" అని మీరు పోట్లాడుకునేది ఇందుకే. ఈ తగువు తీర్చడానికి చాలా ఆటల్లో సర్వరు కాలాన్ని కాస్త వెనక్కి తిప్పుతుంది. మీరు మీట నొక్కిన క్షణంలో ఎదుటివాడు ఎక్కడున్నాడో పాత లెక్క తీసి చూసి తీర్పు చెబుతుంది.

అసలు తుపాకి విషయంలో ఏ సర్వరూ కాలాన్ని వెనక్కి తిప్పలేదు. ఈ తేడా చిన్నది కాదు.

గుండు తిన్నగా పోతుందా?

పోదు. తుపాకి గొట్టం దాటిన క్షణం నుంచే భూమి దాన్ని కిందికి లాగుతుంది. నమ్మకం లేదా? ఒక ప్రయోగం చేసి చూడండి.

బల్ల అంచున రెండు రూపాయి బిళ్ళలు పెట్టండి. ఒకదాన్ని అంచు నుంచి ఊరికే జారవిడవండి, అదే క్షణంలో రెండోదాన్ని స్కేలుతో అడ్డంగా కొట్టండి. ఒకటి బల్ల కిందనే పడుతుంది, రెండోది గది మధ్యలో పడుతుంది. కళ్ళు మూసుకుని చప్పుడు వినండి. రెండూ ఒక్కసారే ఖణేలుమంటాయి! అడ్డంగా ఎంత వేగంతో పోయినా, కిందికి పడే కాలం మారదు.

గుండు సంగతీ ఇంతే. భుజం ఎత్తున, అంటే నేలకు మీటరున్నర ఎత్తున, తుపాకిని అడ్డంగా పట్టుకుని పేల్చారనుకోండి. అదే క్షణంలో మీ చేతి నుంచి ఒక గుండు జారిపడింది. చదునైన నేల మీద రెండూ కాస్త అటూఇటూగా అర సెకండులోనే నేలను తాకుతాయి. పేల్చిన గుండు ఆలోగా వందల మీటర్ల దూరం పోయి ఉంటుంది, అంతే తేడా.

దీనికి గాలి అడ్డు కూడా తోడవుతుంది. మూడు వందల మీటర్లు పోయేసరికి ఏకేఎం గుండు తన వేగంలో మూడో వంతుకు పైగా కోల్పోతుంది, మీటరుకు పైగా కిందికి దిగుతుంది. అందుకే దూరపు గురికి తుపాకి మూతి కాస్త ఎత్తి పెట్టాలి. మంచి ఆటల్లో ఈ దిగుడు కనిపిస్తుంది. గీత గీసే ఆటల్లో భూమికి ఆకర్షణే లేదు!

బొంగరంలా తిరిగే గుండు

మదనపల్లెకు ఉత్తరాన గుర్రంకొండ ఉంది. కొండ మీది కోట హైదర్ అలీ, టిప్పు సుల్తానుల ఏలుబడిలో ఉండేది. 1791లో మైసూరు యుద్ధంలో దాన్ని ముట్టడించారు. ఆనాటి సిపాయి చేతిలో ఉన్నది చెకుముకి తుపాకి. గొట్టం మూతిలో నుంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరి, చెకుముకి రాయి నిప్పుతో పేల్చాలి. చేయి తిరిగిన సిపాయి అయినా నిమిషానికి మూడుసార్లు పేల్చితే గొప్ప. ఆ గొట్టం లోపల నున్నగా ఉండేది. గుండ్రని గుండు అటూఇటూ తగులుతూ బయటపడి, ఇష్టం వచ్చిన దిక్కుకు పోయేది. వంద మీటర్లు దాటితే గురి దైవాధీనం.

రైఫిలు గొట్టం లోపల మరమేకుకు ఉన్నట్టు మెలితిరిగిన గాళ్ళుంటాయి. వాటిలో ఒరుసుకుంటూ వచ్చే గుండు గిర్రున తిరుగుతుంది. తిరిగే బొంగరం పడిపోదు కదా! అలాగే తిరిగే గుండు ముక్కు తిప్పదు. ఏకేఎం గాడి 24 సెంటీమీటర్లకు ఒక చుట్టు. లెక్క వేయండి. గుండు సెకండుకు దాదాపు మూడు వేల చుట్లు తిరుగుతోంది. మీ బొంగరం ఎన్ని తిరుగుతుంది?

ఆటలో ఈ బొంగరం ఉండదు. మీట నొక్కినప్పుడల్లా కంప్యూటరు లోలోపల పాచికలు వేసి, గుండును కాస్త కుడికో ఎడమకో జరుపుతుంది. దాన్నే మనం "గురి చెదిరింది" అనుకుంటాం.

వెనక్కి తన్నే తుపాకి

చర్యకు ప్రతిచర్య సమానంగానూ, ఎదురుగానూ ఉంటుందని న్యూటన్ సూత్రం. గుండు ముందుకు పోతే తుపాకి వెనక్కి రావాలి. గుండు బరువు 8 గ్రాములు, వేగం 715 మీటర్లు. తూటాలు నింపిన తుపాకి బరువు 4 కిలోలు. ద్రవ్యవేగాల లెక్క ప్రకారం తుపాకి సెకండుకు 1.4 మీటర్ల వేగంతో భుజాన్ని గుద్దుతుంది. గుండు వెంట దూసుకొచ్చే వాయువుల తోపు కలిపితే ఇంకా ఎక్కువ.

పుంగనూరు ఆవును మీరు చూసే ఉంటారు. మూడడుగుల ఎత్తు, రెండు వందల కిలోలు కూడా తూగదు. అదే తోపుతో పుంగనూరు ఆవునూ, అయిదు వందల కిలోలు దాటిన ఒంగోలు గిత్తనూ నెట్టారనుకోండి. ఆవు జరుగుతుంది, గిత్త జరిగినట్టే ఉండదు. తుపాకి బరువెక్కే కొద్దీ తన్ను తగ్గడానికి కారణం ఇదే. తేలికైన తుపాకి మోయడానికి సుఖం, పేల్చడానికి కష్టం.

ఏకేఎం సెకండుకు పది తూటాలు పేల్చగలదు. ఆ పది తన్నులనూ కలిపి చూస్తే, దాదాపు ఆరు కిలోల బరువు ఎడతెగకుండా భుజాన్ని నెడుతున్నట్టు. మూతి పైకి లేస్తూనే ఉంటుంది. రెండు గురికాయల మధ్య దూరం 38 సెంటీమీటర్లు. మూతి ఒక్క మిల్లీమీటరు చెదిరితే వంద మీటర్ల దూరంలో గుండు 26 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఫోనులో మీరు ఈ తన్నునంతటినీ బొటనవేలితో కిందికి లాగి అణచివేస్తున్నారు!

పైగా తూటాల పెట్టె మూడే మూడు సెకండ్లలో ఖాళీ. అందులో 30 తూటాలే. ఒక్కో తూటా 16 గ్రాములు. ఆటలో మీ బొమ్మ మూడు వందల తూటాలు మోస్తుంది. వాటి బరువే అయిదు కిలోలు, వాటి ఉక్కు పెట్టెలు మరో మూడు కిలోలు, రెండు తుపాకులు ఏడు కిలోలు. మొత్తం పదిహేను కిలోలు! ఆ బరువుతో బొమ్మ పరుగెత్తుతుంది, గోడలు దూకుతుంది, ఏరు ఈదుతుంది. మీ పుస్తకాల సంచి ఒకసారి తూచి చూసుకోండి. ఆ తరువాత దాంతో గుర్రంకొండ ఎక్కగలరేమో ఆలోచించండి.

పది తూటాలు మిగిలిన పెట్టెను తీసేసి కొత్తది తగిలిస్తే ఆటలో ఆ పది తూటాలు జేబులోకి తిరిగి వస్తాయి. అసలు లోకంలో అవి పారేసిన పెట్టెలోనే ఉండిపోతాయి.

కుప్పం క్వారీ చెప్పే పాఠం

కుప్పం చుట్టుపక్కల గ్రానైటు క్వారీలున్నాయి. దూరంగా ఒక కిలోమీటరు అవతల రాయి పేల్చినప్పుడు గమనించండి. ముందు దుమ్ము లేస్తుంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాక గాని ఢామ్మన్న చప్పుడు రాదు. గాలిలో ధ్వని వేగం సెకండుకు సుమారు 340 మీటర్లే.

ఏకేఎం గుండు బయలుదేరినప్పుడు దీనికి రెండింతల వేగం మీద ఉంటుంది. మూడు వందల మీటర్లు పోవడానికి దానికి అర సెకండు పడితే, చప్పుడుకు దాదాపు తొమ్మిది పదోవంతులు పడుతుంది. అంటే గుండు వచ్చిన తరువాతే చప్పుడు వస్తుంది. "చప్పుడు విని పక్కకు దూకాడు" అనేది సినిమా మాట.

ధ్వనిని మించిన వేగంతో పోయే గుండు గాలిని చీలుస్తూ కొరడా దెబ్బ లాంటి చప్పుడు చేస్తుంది. మూతికి తగిలించే సైలెన్సరు ఈ చప్పుడును ఆపలేదు. అది పేలుడు మోతను ముప్ఫై డెసిబెల్లుల మేర తగ్గిస్తుంది, అంతే. ఆటలోని "ఫట్" అన్న మెత్తని చప్పుడు సినిమాల నుంచి అరువు తెచ్చుకున్నది.

తుపాకి మోత 150 డెసిబెల్లులను మించుతుంది. మన లోపలి చెవిలో వెంట్రుకల వంటి మొనలున్న సున్నితమైన కణాలుంటాయి. చెవులు మూసుకోకుండా దగ్గరలో ఒక్క మోత విన్నా వాటిలో కొన్ని చచ్చిపోవచ్చు. చచ్చిన కణాలు మళ్ళీ పుట్టవు. ఫోనులో మోత ఎక్కువైతే బటన్ నొక్కి తగ్గిస్తాం. చెవికి అలాంటి బటన్ లేదు.

టమోటా క్రేటు లెక్క

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద తేడా. గుండు మోసుకొచ్చే శక్తి ఎంత? గతిశక్తి సూత్రం మీకు తెలుసు. ద్రవ్యరాశిలో సగాన్ని వేగ వర్గంతో గుణించాలి. ఎనిమిది గ్రాములు, 715 మీటర్లు. జవాబు దాదాపు రెండు వేల జౌళ్ళు.

మదనపల్లె మార్కెట్టులో పాతిక కిలోల టమోటా క్రేటును ఒకసారి ఎత్తి చూడండి. దాన్ని ఎనిమిది మీటర్ల ఎత్తున ఉన్న మేడ మీద నుంచి జారవిడిస్తే, నేలను తాకేటప్పుడు దానికుండే శక్తి కూడా దాదాపు రెండు వేల జౌళ్ళే! ఆ శక్తి అంతా చిటికెనవేలి గోరంత చోట, వెయ్యోవంతు సెకండులో దిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మన శరీరంలో సగానికి మించి నీరే. చెరువులో రాయి వేస్తే నీరు పక్కలకు చిమ్మినట్టు, గుండు దారికి చుట్టూ ఉన్న కండ ఒక్క క్షణం పెద్ద బుడగలా విచ్చుకుని మళ్ళీ మూసుకుంటుంది. ఆ సాగుడుకే రక్తనాళాలు తెగుతాయి. ఎముక అడ్డొస్తే అది పెంకుల్లా పగిలి, ఆ పెంకులే మళ్ళీ గుండ్లలా పనిచేస్తాయి. పెద్దవాళ్ళ ఒంట్లో ఉండేది అయిదు లీటర్ల రక్తం. అందులో రెండు లీటర్లు పోతే ప్రాణం మీదికి వస్తుంది. పెద్ద నాళం తెగితే అందుకు కొద్ది నిమిషాలు చాలు.

ఆటలో ఏం జరుగుతుంది? మీ బొమ్మ ప్రాణం నూరు మార్కులు. ఒక దెబ్బ తగిలితే నలభయ్యో యాభయ్యో తగ్గుతాయి. చెట్టు చాటుకు పోయి ప్రథమ చికిత్స పెట్టె తెరిస్తే ఆరు సెకండ్లలో ప్రాణం 75కు చేరుతుంది. పెద్ద పెట్టె అయితే ఎనిమిది సెకండ్లలో నూటికి నూరు. వెంటనే లేచి పరుగు. అసలు లోకంలో ఆరు సెకండ్లలో రక్తం కారేచోట గుడ్డ అదిమిపెట్టడం కూడా పూర్తికాదు. ఆపైన 108 బండి, ఆసుపత్రి, రక్తదానం, శస్త్రచికిత్స, నెలల తరబడి మంచం. అన్నీ అయ్యాక కూడా ఆ చేయి మునుపటిలా కలం పట్టగలదని వైద్యులు హామీ ఇవ్వలేరు.

పబ్జీ మొబైల్‌ను మన దేశంలో 2020 సెప్టెంబరులో నిషేధించారు. 2021 జూలైలో బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అనే పేరుతో అలాంటి ఆటే వచ్చినప్పుడు అందులో రక్తం ఎర్రగా కాక ఆకుపచ్చగా చూపించారు. పద్దెనిమిదేళ్ళ లోపువారికి రోజుకు మూడు గంటల హద్దు పెట్టారు. రంగు మారితే చూడడానికి భయం తగ్గవచ్చు. భౌతికశాస్త్రం మాత్రం రంగు చూసి మారదు.

మరి ఆట చేసినవారు ఎందుకిలా చేశారు? కారణం సులువు. అసలు తుపాకిని ఉన్నదున్నట్టు చూపిస్తే ఆటే ఉండదు! మొదటి గుండుకే ఆట ముగుస్తుంది. అందుకని వాళ్ళు పేరు, రూపం, వేగం ఉంచారు. బరువు, మోత, నొప్పి, ఆసుపత్రి తీసేశారు. కంటికి కనిపించేది ఉంచి, ఒంటికి తెలిసేది తీసేశారన్నమాట.

నాటు తుపాకి: చేతిలో బాంబు

ఇదంతా ఇంత వివరంగా చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. పలమనేరు, కుప్పం ప్రాంతాలు అడవి అంచున ఉన్నాయి. కౌండిన్య అభయారణ్యం ఏనుగులు పొలాల్లోకి వస్తుంటాయి, అడవిపందులు వేరుశనగ చేలు తవ్వేస్తాయి. ఇలాంటి చోట్ల అక్కడక్కడ నాటు తుపాకులు దాచి ఉంచడం, అవి పోలీసులకు దొరకడం జరుగుతూనే ఉంది.

కుక్కరు లెక్క గుర్తుందా? నాటు తుపాకిలో మందు పాతకాలపుదే, ఒత్తిడి రైఫిలు అంత ఉండదు. అయినా ఆ గొట్టం పేలుడును తట్టుకోవడానికి చేసింది కాదు. ఎక్కడో దొరికిన ఇనుప పైపు అది. మందు కొలత ఉండదు, మీటకు తాళం ఉండదు. పైపు అతుకు విడితే పేలుడు ముందుకు కాక పక్కకు వస్తుంది. పోయేవి పేల్చినవారి వేళ్ళూ, కళ్ళూ. కింద పడ్డా, దేనికైనా తగిలినా పేలవచ్చు. ఆటలో అన్ని తుపాకులూ వాడిన ధైర్యంతో దీన్ని ముట్టుకోవడం, ఈత ఆట ఆడి బావిలో దూకడం లాంటిది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం నేరం. ఇరవై ఒక్క ఏళ్ళు నిండని వారికి లైసెన్సు ఇవ్వరు. మీకెక్కడైనా అలాంటిది కనిపిస్తే తాకవద్దు. అక్కడి నుంచి వచ్చేసి పెద్దలకు చెప్పండి.

గురి నేర్చిన వారి మొదటి పాఠం

గురి చూసి కొట్టాలన్న ఇష్టం తప్పు కాదు. దానికి సరైన చోటు ఉంది. హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో 701.1 పాయింట్లతో కాంస్య పతకం గెలిచాడు. ఆ రైఫిలులో మందు ఉండదు, ఒత్తి పట్టిన గాలితో పనిచేస్తుంది. పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు! గుండె కొట్టుకుంటే కూడా గురి కదులుతుంది. అందుకే ఊపిరి బిగబట్టి, గుండె చప్పుళ్ళ మధ్య నిశ్శబ్దంలో మీట నొక్కడం అలవాటు చేసుకుంటారు. ఇప్పుడు ఆ పోటీ తొలి దశలో అరవై గుండ్లు కొట్టడానికి 75 నిమిషాలిస్తారు. అంటే గుండుకు నిమిషంబావు. మూడు సెకండ్లలో ముప్ఫై తూటాలు ఖాళీ చేసే బొమ్మ ఆ వరుసలో నిలబడలేదు.

మీరు కాలేజీకి వెళ్ళి ఎన్.సి.సి.లో చేరితే పాయింట్ 22 రైఫిలు పేల్చే అవకాశం రావచ్చు. అక్కడ తూటా ఇవ్వడానికి ముందే కొన్ని సూత్రాలు నేర్పుతారు. ప్రతి తుపాకిలోనూ తూటా ఉందనే అనుకో. పేల్చే క్షణం దాకా మీట మీద వేలు పెట్టకు. గురి వెనక ఏముందో చూడు. ఏ మనిషి వైపూ, ఖాళీ తుపాకిని కూడా, పొరపాటునైనా తిప్పకు.

ఆట నేర్పే మొదటి పాఠం మనిషి కనిపిస్తే కాల్చమని. అసలు తుపాకి నేర్పే మొదటి పాఠం దానికి సరిగ్గా వ్యతిరేకం. ఈసారి ఫోను చేతిలోకి తీసుకున్నప్పుడు మీ స్నేహితులను ఈ వ్యాసం పేరులోని ప్రశ్న అడిగి చూడండి. తూటాల సంఖ్య తెలిసిన వారెందరో దొరుకుతారు. బరువు ఎంతో చెప్పగలవారు ఎందరు?